డేటా బ్రోకర్ల (మన వివరాలు పోగేసి అమ్మే కంపెనీల) దగ్గర మన వివరాలు తీయించాలంటే: కాలిఫోర్నియా డ్రాపా, డబ్బులు కట్టే సర్వీసా?

ఖర్చు: డ్రాప్ (బ్రోకర్లకి డిలీట్ రిక్వెస్టు పంపే వెబ్‌సైట్) ఫ్రీ, డిలీట్ యాక్ట్ అనే కాలిఫోర్నియా చట్టం కింద 2026 జనవరి నుంచి రాష్ట్రమే నడుపుతోంది. మన తరఫున బ్రోకర్లకి రిక్వెస్టులు పంపే ప్రైవేటు సర్వీసుకి చందా కట్టాలి.

శ్రమ: డ్రాప్‌లో కాలిఫోర్నియాలో ఉంటున్నట్టు ఒకసారి వెరిఫై చేసి, పాత ఈమెయిళ్ళు, ఫోన్ నంబర్లు కూడా ఎక్కిస్తే (ఇవి మర్చిపోతే సగం పని వేస్టే) రిజిస్టరైన బ్రోకర్లందరికీ ఒకటే రిక్వెస్టు, వాళ్ళు 2026 ఆగస్టు 1 నుంచి 45 రోజులకోసారి చూసి డిలీట్ చెయ్యాలి.

రిస్క్: సర్వీసంటే మన వివరాలు ఇంకో కంపెనీ చేతిలో పెట్టడమే కదా. డ్రాప్‌తో మాత్రం మీరు నేరుగా కొన్న షాపుల దగ్గరున్న డేటా, ఓటరు రికార్డుల్లాంటివి పోవు.

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటే ముందు డ్రాపే. డాలస్ వాళ్ళకి అది కుదరదు, టెక్సస్ ప్రైవసీ చట్టం 2024 జులై నుంచి ఉన్నా ఒక్కో కంపెనీకి విడిగా రాసుకోవాలి, అంత ఓపిక లేకపోతే సర్వీసే.