'రీకండిషన్డ్' రాకర్ ఆర్మ్‌లు కొంటున్నారా? బిగించే ముందు ఇది చదవండి

పాత ఇంజన్ హెడ్‌ను ఇంట్లోనే విప్పి బాగుచేసుకునేవాళ్లు, ముఖ్యంగా కొత్త రాకర్ ఆర్మ్‌లు (క్యామ్‌షాఫ్ట్ కదలికను అందుకుని వాల్వ్‌లను నొక్కి తెరిచే చేతులు) దొరక్క ఆన్‌లైన్‌లో 'రీకండిషన్డ్' సెట్ల కోసం వెతుకుతున్నవాళ్లు కాస్త ఆగండి. నేను కొన్న సెట్ పెట్టె తెరవగానే అద్దంలా మెరిసింది. తీరా చూస్తే ఆ మెరుపే దాని జబ్బు.

అమ్మినతను ఇంట్లో బెల్ట్ గ్రైండర్, బఫింగ్ వీల్ పెట్టుకుని అరిగిన రాకర్లను 'కొత్తవాటిలా' చేసి అమ్ముతాడు. ఇంట్లో పని చేయడం తప్పని నేననను. పేస్ట్ వేసి వాల్వ్‌ను సీటు మీద రుద్దుకోవడం, స్టెమ్ సీల్స్ మార్చడం, కార్బన్ గీకడం, స్ప్రింగుల పొడవు కొలవడం ఓపిక ఉంటే ఎవరైనా చేసుకోగలిగినవే. రాకర్ ప్యాడ్‌ను చేత్తో పట్టుకుని అరగదీయడం మాత్రం ఆ కోవలోకి రాదు.

ప్యాడ్ అంటే క్యామ్ లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగం) మీద జారే రాకర్ ముఖం. చాలా రాకర్లలో అక్కడ పైపొర ఒక్కటే బాగా గట్టిగా ఉంటుంది. లోపలి లోహాన్ని కావాలనే మెత్తగా ఉంచుతారు, లేకపోతే దెబ్బలకు విరిగిపోతుంది. కేస్ హార్డెనింగ్‌తో వచ్చిన ఆ గట్టి పొర మందం ఎక్కువగా ఒక మిల్లీమీటరు లోపే. హార్డ్ క్రోమ్ పూత ఉన్నవాటిలో అయితే ఇంకా పలచన. ఇప్పుడు అరిగి గుంట పడిన ప్యాడ్‌ను నునుపు చేయాలంటే, గుంట ఎంత లోతుందో చుట్టూ అంత తీసేయాలి. అంటే మిగిలిన కాస్త గట్టి పొర కూడా గ్రైండర్ కింద పొడైపోతుంది.

ఇంకో గొడవ వంపుతో. ప్యాడ్ ముఖానికి లెక్కగట్టి ఇచ్చిన వంపు ఉంటుంది. బెల్ట్ మీద చేత్తో ఆనిస్తే అది అక్కడక్కడా చదునైపోతుంది. అప్పుడు లోబ్ బరువంతా ఒక అంచు మీద పడుతుంది, అక్కడ ఆయిల్ పొర నిలవదు.

నా ఇంజన్‌లో జరిగిందీ అదే. కొత్త క్యామ్‌షాఫ్ట్ వేసి, లోబ్‌లకు అసెంబ్లీ లూబ్ (బిగించేటప్పుడు పూసే కందెన) పూసి, క్లియరెన్స్ (రాకర్‌కూ వాల్వ్ కొసకూ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీ) పెట్టి స్టార్ట్ చేస్తే మొదట్లో చప్పుడే లేదు. కొద్దిరోజులకు టకటక మొదలైంది. మళ్లీ సెట్ చేస్తే పోయింది, మళ్లీ వచ్చింది. ఆయిల్ దించి చూస్తే వెలుతురులో బూడిదరంగు తళుకు. కవర్ తీస్తే ప్యాడ్‌ల మీద చారలు, వాటి కింద ఉన్న కొత్త లోబ్‌ల మీద కూడా గీతలు. రాకర్ల డబ్బుతో పాటు క్యామ్‌షాఫ్ట్ డబ్బు కూడా పోయింది, అసలు కడుపుమంట అది.

అడిగితే అతని మొదటి జవాబు 'రన్-ఇన్ అయితే, అంటే కొన్నాళ్లు నడిస్తే, సర్దుకుంటుంది'. ఫొటోలు పంపాక 'మీరు లూబ్ సరిగా పూయలేదు'. ఆ తర్వాత 'బిగించిన సరుకు వాపసు తీసుకోం'. చివరి మాట ఒక్కటే నిజం. అందుకే పరీక్షలన్నీ బిగించకముందే చేయాలి.

మొదట రంగు చూడండి. బఫ్ చేసిన ముఖం మీద ఏమీ కనపడదు, కాబట్టి ప్యాడ్ పక్క అంచులూ మూలలూ తిప్పి చూడాలి. ఉక్కు గ్రైండర్ కింద సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దాటితే లేత పసుపు, 300 దగ్గర నీలం తేలుతుంది. ఇలాంటి గట్టి పొరలను చాలావరకు 200 లోపే టెంపర్ చేస్తారు (గట్టిపరిచాక పెళుసుదనం తగ్గేలా కొద్దిగా వేడిచేస్తారు), కాబట్టి నీలం కనపడిందంటే అక్కడ గట్టిదనం తగ్గిపోయినట్టే. నా సెట్‌లో ఒక ప్యాడ్ పక్కన వెంట్రుకంత ఊదా గీత ఇప్పటికీ ఉంది.

తర్వాత ఆకురాయి. లోబ్ తగలని చోట, ప్యాడ్ కొసన సన్నటి ఆకురాయితో ఒక్కసారి మెల్లగా లాగండి. గట్టి లోహం మీద అది పట్టు దొరకక జర్రున జారిపోతుంది. మెత్తదైతే కొరుకుతుంది, పళ్లలో పొడి ఇరుక్కుంటుంది. నా పాత రాకర్ మీద జారింది, కొన్నదాని మీద కొరికింది. గీత పడితే వాపసు తీసుకోరేమోనని భయం ఉంటే, ఈ పరీక్ష చేస్తానని కొనేముందే చెప్పి రాతపూర్వకంగా ఒప్పించుకోండి. నిజంగా పనితనం ఉన్నవాడు కాదనడు.

ఆయిల్ రంధ్రాలను అస్సలు వదలొద్దు. థిన్నర్ పోసి కింద తెల్లగుడ్డ పెట్టండి. నా సెట్‌లోంచి నల్లటి గరుకు పొడి రాలింది, గ్రైండింగ్ ధూళి. అది రాకర్ బుష్‌కూ, రాకర్ ఆడే షాఫ్ట్‌కూ మధ్య చేరితే లోపలే ఉండి అరగదీస్తూనే ఉంటుంది.

ఫీలర్ గేజ్ (ఖాళీని కొలిచే పలచని బ్లేడ్లు) కొలత సరిపోయిందని మురిసిపోకండి. వాల్వ్ కొసను నొక్కే వైపు గుంట పడి ఉంటే, బ్లేడు ఆ గుంట మీదుగా వంతెనలా నిలబడుతుంది. మీకు కొలత సరిగ్గానే కనపడుతుంది, అసలు ఖాళీ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. డయల్ గేజ్ ఉంటే దాంతో చూసుకోండి.

అతను గ్రైండ్ చేసిన వాల్వ్‌లు కూడా అమ్ముతున్నాడు. వాటి జోలికి వెళ్తే వాల్వ్ తల అంచు మందం కొలవండి. 1 మిల్లీమీటరు కంటే పలచబడిన ఎగ్జాస్ట్ వాల్వ్‌ను నేనైతే వేయను, మీ ఇంజన్ మాన్యువల్ హద్దు అంతకన్నా ఎక్కువుంటే అదే పాటించండి. ఎగ్జాస్ట్ వాల్వ్ కాడలో సోడియం నింపే ఇంజన్లూ ఉన్నాయి. అలాంటిదాన్ని 'లోపల ఏముందో చూద్దాం' అని కోయొద్దు. సోడియంకు నీళ్లు తగిలితే మంటే.

ఇలా అరిగిన రాకర్లు మీ దగ్గరుంటే ప్యాడ్ మీద గట్టి లోహం పోసి, మూలకొలతల వంపుకు మెషీన్ మీద గ్రైండ్ చేసే వర్క్‌షాప్‌కు ఇవ్వండి. ఏ లోహం పోశారు, పూర్తయ్యాక హార్డ్‌నెస్ ఎంత వచ్చింది అని అడగండి. నేను ఇదే ప్రశ్న అతన్ని అడిగితే, మెరుస్తున్న ప్యాడ్ ఫొటో ఇంకొకటి పంపాడు.