రేజర్‌పే చెకౌట్ స్క్రిప్ట్: పెట్టడం తేలికే, నమ్మడం దగ్గరే జాగ్రత్త

మా వదిన మంగళగిరి చీరలు వాట్సాప్‌లో అమ్మేది. ఫోటో పెట్టడం, స్కాన్ చేసి స్క్రీన్‌షాట్ పంపమనడం, రాత్రి కూర్చుని ఏ స్క్రీన్‌షాట్ ఎవరిదో వెతుక్కోవడం, ఇదీ తంతు. వెబ్‌సైట్ చేసిపెట్టమంటే పేమెంట్ కోసం రేజర్‌పే (ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించిపెట్టే కంపెనీ) వాళ్ల చెకౌట్ స్క్రిప్ట్, అంటే మన పేజీలో పేమెంట్ విండో తెరిచే కోడ్, పెట్టాను. ఆరు నెలలు వాడాక రాస్తున్నా.

పెట్టడం నిజంగానే తేలిక. పేజీలో ఒక్క స్క్రిప్ట్ ట్యాగ్, కీ ఐడీ (మన ఖాతా గుర్తు, ఇది రహస్యం కాదు), ఆర్డర్ ఐడీ ఇస్తే యూపీఐ, కార్డు, నెట్‌బ్యాంకింగ్ అన్నీ ఉన్న విండో తెరుచుకుంటుంది. కార్డు నంబరు, సీవీవీ మన సర్వర్ గడప తొక్కకుండా నేరుగా వాళ్ల దగ్గరికే పోతాయి. 2022 అక్టోబరు 1 నుంచి షాపులు కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది కదా, ఆ తలనొప్పి మనకి లేనట్టే.

డబ్బు పైసల్లో ఇవ్వాలి. నేను 1850 అని ఇచ్చి గొప్పగా చూపిస్తే విండోలో ₹18.50 అని పడింది. "ఈ రేటుకైతే నాకే ఓ పది ఇప్పించు నాయనా" అంది వదిన. డాక్యుమెంట్‌లో రాసే ఉంది, చదవనిది నేనే.

అసలు సంగతి పేమెంట్ అయ్యాక ఉంది. బ్రౌజర్‌కి పేమెంట్ ఐడీ, ఆర్డర్ ఐడీ, సిగ్నేచర్ (ఈ కబురు రేజర్‌పే పంపిందేనని చూపే ముద్ర) వస్తాయి. చాలామంది అక్కడే "థాంక్యూ" పేజీ చూపించి చేతులు దులుపుకుంటారు, కానీ బ్రౌజర్ చెప్పిందల్లా నమ్మితే కన్సోల్ (బ్రౌజర్‌లో సొంత కోడ్ కొట్టి నడిపే చోటు) తెరవడం తెలిసిన ఏ కుర్రాడైనా ఉచితంగా చీర పట్టుకుపోతాడు. మన సర్వర్‌లో దాచుకున్న ఆర్డర్ ఐడీకి, నిలువు గీత పెట్టి, పేమెంట్ ఐడీ కలిపి, సీక్రెట్ కీతో (మనకీ రేజర్‌పేకీ మాత్రమే తెలిసిన రహస్యం) హెచ్‌మ్యాక్ షా-256 అనే పద్ధతిలో ముద్ర లెక్కగట్టి ఆ సిగ్నేచర్‌తో పోల్చాలి. ఆ సీక్రెట్ పేజీ కోడ్‌లో పెట్టారో, బీరువా తాళం గుమ్మానికి వేలాడదీసినట్టే.

వెబ్‌హుక్, అంటే బ్రౌజర్‌తో పని లేకుండా రేజర్‌పే నేరుగా మన సర్వర్‌కి పంపే కబురు, తర్వాత చూద్దాంలే అని వదిలేశా. ఒకావిడ యూపీఐ యాప్‌లోకి వెళ్లి డబ్బు కట్టారు, ఈలోగా ఫోన్ బ్రౌజర్‌ని మూసేసింది, మా పేజీకి ఏ కబురూ రాలేదు. "డబ్బులు కట్ అయ్యాయి, చీర సంగతేంటండీ?" అని ఫోన్. టెన్షన్ పడి ఆ రాత్రే వెబ్‌హుక్ పెట్టా. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, అదీ చూసుకోండి, లేకపోతే రెండు చీరలు ప్యాక్ అవుతాయి.

అసలు డబ్బు కదలకుండా సరిచూసుకునే టెస్ట్ మోడ్ బాగుంది. యూపీఐ ఐడీగా సక్సెస్@రేజర్‌పే అని ఇంగ్లీషులో కొడితే పాస్, ఫెయిల్యూర్@రేజర్‌పే అంటే ఫెయిల్. రెండోదే ఎక్కువసార్లు కొట్టి చూడండి.

మామూలు ప్లాన్‌లో చార్జీ 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 1850 చీరకి 43 రూపాయల 66 పైసలు. వదినకి ఇది ఇంకా మింగుడు పడలేదు. నెలకి నాలుగైదు చీరలు అమ్మేవాళ్లయితే ఈ కోడ్ జోలికే పోకండి, వాళ్ల పేమెంట్ లింక్ పంపితే సరిపోతుంది.