ట్రాల్ వలకు సిఫ్ట్ టెడ్: ఇనుములో లోపం లేదు, కుట్టులోనే ఉంది కిటుకంతా

బోటు వెనక లాగే సంచిలాంటి ట్రాల్ వలలో పడ్డ తాబేలును బయటికి పంపే సాధనం టెడ్, అంటే టర్టిల్ ఎక్స్క్లూడర్ డివైస్. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అంటే సిఫ్ట్, తయారుచేసిన టెడ్‌లో తిరిగే భాగం గానీ విరిగే మర గానీ లేదు. గుడ్డు ఆకారపు స్టీలు చట్రం, అందులో నిలువు చువ్వలు, వలకు పైవైపు ఒక కోత, ఆ కోతమీద వల ముక్కతో ఒక రెప్ప. ట్రాల్ వల గొంతుకీ చివరి సంచికీ నడుమ దీన్ని ఏటవాలుగా కుడతారు. కింది అంచు బోటు వైపుకి, పై అంచు సంచి వైపుకి ఉండాలి. రొయ్యలూ చిన్న చేపలూ సందుల్లోంచి సంచిలోకి జారిపోతాయి. తాబేలు చువ్వలకు తగిలి, వాలు వెంబడి పైకి ఎక్కి, రెప్పను నెట్టుకుని బయటపడుతుంది.

తాబేలుది మనలాగే ఊపిరితిత్తుల బతుకు. రెండు మూడు గంటలు సాగే లాగులో, అంటే వలను లాగే ఒక్కో విడతలో, సంచిలో పడితే, పైకి వచ్చి గాలి పీల్చే దారి లేక చస్తుంది. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అంటే నిషేధం తాబేలును కాపాడుతుందని అనుకోవడం చాలావరకు భ్రమే. ఆ మూడు నెలలూ దానికి దిక్కు ఈ చట్రమే.

చట్రం 1000 మి.మీ. పొడవు, 800 మి.మీ. వెడల్పు. చుట్టూ 10 మి.మీ. స్టెయిన్‌లెస్ కడ్డీ, లోపల 8 మి.మీ. చువ్వలు. ఉప్పునీటికి ఇది సరైన ఎంపిక. డబ్బు కలిసొస్తుందని మామూలు ఇనుముతో చేయించుకుంటే ముందుగా తుప్పు పట్టేది వెల్డింగు అతుకుల దగ్గరే. కొనేటప్పుడు ప్రతి అతుకుమీదా వేలు పెట్టి చూడండి. గరుకుగా ముడి తేలి ఉంటే వల దారం అక్కడే ఒరుసుకుని తెగుతుంది. వంగిన చువ్వను సుత్తితో కొట్టి సరిచేసి వాడటం అలవాటు చేసుకోవద్దు. పక్క సందు వెడల్పయితే తాబేలు రెక్కో తలో అందులో ఇరుక్కుంటుంది.

ఇక అసలు పేచీ సందు దగ్గర. పాత సిఫ్ట్ నమూనాలో చువ్వకీ చువ్వకీ మధ్య 142 మి.మీ. ఉంటుంది. అమెరికా నిబంధన ప్రకారం 4 అంగుళాలు, అంటే సుమారు 102 మి.మీ. దాటకూడదు. టెడ్ వాడకం సరిగా లేదని 2019లో ఆ దేశం మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. ఆ తర్వాత మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా, సిఫ్ట్ కలిసి అమెరికా సముద్ర సంస్థ నోవా నిపుణులతో కొత్త నమూనా మీద పనిచేశాయి. చెరువులో పెంచిన వనామీ రొయ్యకి ఈ ఆంక్ష వర్తించదు, దెబ్బంతా సముద్రంలో వల లాగే బోట్లకే. కాబట్టి ఎగుమతి దృష్టితో తీసుకునేవాళ్ళు టేపు పెట్టి కొలవాల్సిందే. చువ్వల నడిమధ్య నుంచి కాదు, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి. 142 వచ్చిందంటే అది తాబేలుకు పనికొస్తుందేమో గానీ తనిఖీకి నిలవదు.

చట్రం ఎంత మంచిదైనా వాలు తప్పితే దండగ. వలలో అది 45 డిగ్రీల దగ్గర కూర్చోవాలి. నోవా 30 నుంచి 55 దాకా ఒప్పుకుంటుంది. 55 దాటి నిట్టనిలువుగా నిలబడితే నీటి ఒత్తిడికి తాబేలు చువ్వలకు అంటుకుపోతుంది, జారదు. 30 కన్నా పడుకుంటే రొయ్యలు చువ్వల వెంటే ప్రయాణం చేసి రెప్ప కిందనుంచి నీళ్ళపాలు అవుతాయి. "టెడ్ పెడితే రొయ్య పోతోంది" అనే ఫిర్యాదులో చాలాసార్లు దొంగ ఈ వాలే.

కోణమానిని లేకుండానే దీన్ని చూడొచ్చు. సంచి కొసను తాడుతో కట్టి, బోటు మీది బరువులెత్తే కడ్డీ, అంటే బూమ్‌కి వేలాడదీయండి. టెడ్ వలతోపాటు నిలువుగా వేలాడుతుంది. చట్రం పై అంచుకీ కింది అంచుకీ మధ్య నిలువు దూరం కొలవండి, ఏటవాలుగా కాదు. 100 సెం.మీ. చట్రానికి 70 వస్తే 45 డిగ్రీలు ఉన్నట్టు. 87 దాటితే మరీ పడుకుంది, 57 కంటే తగ్గితే మరీ నిలబడింది. కొత్త వలకు ఈ కొలత ఒక్కసారితో సరిపోదు. బరువు లాగాక దారం సాగి, ముడులు జారి, వాలు మారిపోతుంది. మొదటి రెండు మూడు వేటల తర్వాత మళ్ళీ వేలాడదీసి, కింది అంచు కట్లు విప్పి, వల కళ్ళ లెక్క సరిచూసి బిగించాలి.

రెప్ప సంగతీ అంతే. ముందు అంచు, పక్కలు కొంతమేర కుట్టి వెనక అంచు వదిలేయాలి. వదులుగా కుడితే లాగులో పైకి లేచి ఆడుతుంది, రొయ్య జారుతుంది. రొయ్య పోతుందని నాలుగువైపులా కట్టేస్తే అది టెడ్ కాదు, తాబేలు బోను. సంచి మెలితిరిగితే కోత కిందికి పోతుంది. చట్రం పైభాగానికి నీటిలో తేలే బుడ్లు కట్టేది అందుకే. పగిలిన బుడ్డిని వెంటనే మార్చాలి.

చెత్తతో మాత్రం ఇబ్బంది తప్పదు. గోదావరి వరద దిగాక కాకినాడ ముందు కొమ్మలు, ప్లాస్టిక్ సంచులు చువ్వలకు అడ్డం పడతాయి. సందులు మూసుకుంటే వచ్చిందంతా రెప్ప వైపే పోతుంది. కోత కిందికి ఉండే నమూనాల్లో చెత్త సులువుగా రాలుతుంది గానీ రొయ్య నష్టం ఎక్కువ. అందుకే మనకు పైకోతే నయం, కాకపోతే ఆ రోజుల్లో లాగు సమయం తగ్గించుకోవాలి.

సిఫ్ట్ పరీక్షల లెక్కలో రొయ్య నష్టం 1 శాతం లోపు, చేపల నష్టం 2.4 నుంచి 3.3 శాతం మధ్య. రొయ్య ధరతో బతికే బోటుకు ఇది లెక్కలోకి రాదు. పైగా పెద్ద టేకు చేపలు (తోక ముల్లున్న బల్లపరుపు చేపలు), జెల్లీ చేపలు సంచిలోకి రాకపోతే రొయ్య నలగదు, ఏరే పని తగ్గుతుంది. చందువ లాంటి పలచటి చేప నిలువు సందులోంచి దిగిపోతుంది. కానీ టేకు, పెద్ద సొర కూడా అమ్ముకునే బోట్లకు ఆ 3 శాతం కనబడుతుంది. పోయేవి పెద్ద చేపలు కనుక డబ్బుల్లో నష్టం శాతాన్ని మించవచ్చు. విశాఖ సోనా బోట్ల (పెద్ద ట్రాల్ బోట్ల) యజమానులు ఈ మాట ఎత్తితే సాకు అని కొట్టిపారేయకూడదు.

రొయ్య కోసమే వెళ్ళే బోటుకు 102 మి.మీ. సందున్న నమూనా నిస్సంకోచంగా తీసుకోవచ్చు. చట్రంతోపాటు రెప్పకు సరిపడా వల ముక్క, రెండు బుడ్లు అదనంగా బోటులో పెట్టుకోండి. సముద్రంలో ముందు చిరిగేది రెప్పే.