చలికాలంలో సెకండ్‌హ్యాండ్ మస్టాంగ్, కమారో కొంటున్నారా? సంతకం పెట్టే ముందు టైర్లు చూడండి

షికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్, బఫెలో వైపు ఉంటూ ఈ సీజన్‌లో స్పోర్ట్స్ కారు వెతుకుతున్న మన వాళ్ళ కోసం ఈ హెచ్చరిక. చలి మొదలయ్యాక మస్టాంగ్ జీటీ, కమారో ఎస్ఎస్ లాంటి బండ్లను అడిగేవాళ్ళు తగ్గిపోతారు, డీలర్లు బేరానికి దిగుతారు. టెక్సాస్, ఫ్లోరిడాల్లో తిరిగిన బండ్లు కూడా ఇక్కడికి వస్తుంటాయి. కింద తుప్పుండదు, ధర నచ్చుతుంది. చిక్కంతా టైర్లతోనే. ఇలాంటి బండ్లలో చాలావాటికి వేడి వాతావరణానికి చేసిన సమ్మర్ టైర్లే ఉంటాయి. అడిగితే అన్ని కాలాలకూ పనికొచ్చే ‘ఆల్ సీజన్’ టైర్లని నోటిమాటగా చెప్పి స్నో మోడ్ బటన్ చూపించే సేల్స్‌మన్లున్నారు. ఆ బటన్ యాక్సిలరేటర్ దూకుడును తగ్గిస్తుందే గానీ రబ్బరుకు పట్టు ఇవ్వదు.

సమ్మర్ టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ కంటే కిందికి వెళ్ళేసరికి బిగుసుకుపోతుంది. రోడ్డు పొడిగా ఉన్నా బండి జారుతుంది. మైనస్ 7, అంటే 20 ఫారెన్‌హీట్ దాటి చలి ముదిరితే ట్రెడ్, అంటే రోడ్డుకు ఆనే గాడుల భాగం, పగిలే ప్రమాదం ఉంది. రాత్రంతా డీలర్ ఆవరణలో చలికి గడ్డకట్టిన బండిని పొద్దున టెస్ట్ డ్రైవ్‌కి కదిలించినప్పుడే ఆ పగుళ్ళు రావచ్చు. చలికి వచ్చిన పగుళ్ళకు టైరు కంపెనీలు సాధారణంగా వారంటీ ఇవ్వవు. అందుకే టార్చ్ తీసుకెళ్ళండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు టైర్ల గాడుల్లోకి, మోకాళ్ళ మీద కూర్చుని వెనక టైర్ల గాడుల్లోకి చూడండి. సన్నని అడ్డగీతలు కనిపిస్తే ఆ టైర్లకు పైసా విలువ కట్టకండి.

సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉందా చూడండి. అది మంచులో పరీక్ష నెగ్గిన టైరుకే వేస్తారు. ఆ పరీక్ష గట్టిపడిన మంచు మీద చేసేదే, నున్నటి ఐస్ మీద కాదు. ఒక్క ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ అండ్ స్నో) అక్షరాలతో సరిపెట్టుకోవద్దు, అది గాడుల ఆకారాన్ని బట్టి వేసే ముద్ర. టైరు ఎప్పుడు తయారైందో సైడ్‌వాల్ మీది డాట్ (DOT) కోడ్ చెబుతుంది, దాని చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3521 అంటే 2021లో 35వ వారం. నాలుగు టైర్లవీ విడివిడిగా చదవండి. ముందు రెండే మార్చి వెనక పాత సమ్మర్ టైర్లు వదిలేసిన బండి అన్నిటికన్నా ప్రమాదం. ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు, మలుపులో బండి గిర్రున తిరిగిపోతుంది.

వింటర్ టైర్లంటే నాలుగూ వేయాల్సిందే. వెనక వెడల్పు టైర్లు వచ్చే మోడల్ అయినా, సరిపోయే రిమ్ములు దొరికితే నాలుగూ ఒకే సైజు, కాస్త సన్నవి వేయించుకోవడం మేలు. చిన్న రిమ్ము కొనే ముందు బ్రేక్ కాలిపర్‌కు తగలకుండా కూర్చుంటుందో లేదో బిగించి చూపించమనండి. పెద్ద బ్రెంబో బ్రేకులున్న బండ్లలో 18 అంగుళాల రిమ్ము పట్టకపోవచ్చు. వాడిన వింటర్ టైర్లు ఇస్తామంటే ట్రెడ్ లోతు కొలవండి. అంగుళంలో 32వ వంతు లెక్కన 5 లేదా 6 కంటే తక్కువుంటే మంచులో పనికిరావు. చట్టం చాలా రాష్ట్రాల్లో 2 వరకు ఒప్పుకుంటుంది, ఆ లెక్క ఇక్కడ చూడకండి. ఉష్ణోగ్రత ప్రతి 10 ఫారెన్‌హీట్ పడిపోయినప్పుడు టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, కాబట్టి బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి వెళ్ళే ఆల్ వీల్ డ్రైవ్ ఉందని ధైర్యం చెబితే నమ్మకండి. అది బండిని కదిలిస్తుంది. ఆపడం టైర్ల పని.

దక్షిణాది బండైతే కూలెంట్ కూడా పరీక్షించండి. సగం నీళ్ళు, సగం యాంటీఫ్రీజ్ కలిపితే సుమారు మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. అక్కడ ఎవరో ఉత్త నీళ్ళు కలుపుతూ పోయి ఉంటే ఇక్కడ ఇంజన్ బ్లాకే పగలొచ్చు.

ఇక రోడ్డెక్కాక. ఇంజన్ శక్తి వెనక చక్రాలకు వెళ్ళే బండిలో రెండో గేర్లో, కాలు మెల్లగా మోపుతూ కదలండి. మాన్యువల్ అయితే జారే రోడ్డు మీద గబుక్కున గేరు దించకండి, ఇంజన్ బ్రేకింగ్‌కే వెనక చక్రాలు తిరగకుండా బిగుసుకుపోతాయి. అలా బిగుసుకుంటే వెంటనే క్లచ్ తొక్కండి. వెనక భాగం జారితే యాక్సిలరేటర్ వదిలి, వెళ్ళాల్సిన వైపే చూస్తూ అటే స్టీరింగ్ తిప్పండి, బ్రేక్ మీద దూకకండి. మంచులో కూరుకుపోతే చక్రాలు ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపి బయటపడి మళ్ళీ వేసుకోండి. అంతకంటే ముందు సైలెన్సర్ గొట్టానికి మంచు అడ్డం లేకుండా తవ్వాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. బ్రిడ్జీలు రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. చలి మైనస్ 9 సెల్సియస్ దాటాక, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. అమెరికాలో డీలర్ అద్దానికి అతికించే బయ్యర్స్ గైడ్‌లో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా, డీలర్ వారంటీ లేకుండా) గడి టిక్ అయి ఉంటే, నోటిమాటగా చెప్పిన ‘ఆల్ సీజన్’ హామీని తర్వాత నిరూపించుకోవడం కష్టం. డీలర్‌షిప్‌లో కొన్న కారును మూడు రోజుల్లో తిరిగిచ్చే ఫెడరల్ హక్కు ఏదీ లేదు. టైరు బ్రాండ్, సైజు, నాలుగు అన్న మాట, డెలివరీకి ముందే బిగించాలన్న షరతు ఒప్పందంలో రాయించుకుని సంతకం తీసుకోండి. రాయనంటే, ఆ బండి మీకు అంతగా నచ్చితే, ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద ఇంటికి తెప్పించుకుని టైర్లు మార్చాకే తాళం తిప్పండి. దాని ఖర్చు కూడా బేరంలో ముందే తగ్గించి అడగండి.