సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి క్యాట్‌బ్యాక్ ఎగ్జాస్ట్: ఐదేళ్లు, యాభై వేల మైళ్ల తర్వాత

2022 వేసవిలో మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో నేను కారు స్టార్ట్ చేయగానే వెనక్కి తిరిగి చూసి, "ఏం బాబూ, సైలెన్సర్ ఊడిపోయిందా?" అన్నారు. ఊడిపోలేదు. ఉన్నదాన్ని నేనే ఊడదీసి, పన్నెండు వందల డాలర్లు పోసి ఇంకోటి పెట్టుకున్నాను. ఆ సంగతి ఆయనకు నేను చెప్పలేదు, మా ఆవిడ చెప్పింది.

నాది 2016 డబ్ల్యూఆర్‌ఎక్స్, ఆరు గేర్ల మాన్యువల్. రెండు లీటర్ల టర్బో బాక్సర్ ఇంజన్, 268 హార్స్ పవర్. (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే పంపు టర్బో; సిలిండర్లు రెండు పక్కలా పడుకుని ఉండే ఇంజన్ బాక్సర్.) 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఫ్రీమాంట్‌లో ఉంటాం, ఆఫీసు శాన్ హోసేలో. కారు బాగా పరిగెడుతుంది కానీ కంపెనీ సైలెన్సర్‌తో దాని గొంతు మరీ సౌమ్యం. పక్కన ఆగిన టయోటా క్యామ్రీకీ దీనికీ చెవికి పెద్ద తేడా తెలిసేది కాదు. 2020 వేసవిలో, ఇంట్లోంచి పని చేస్తూ యూట్యూబ్ ఎక్కువగా చూసిన రోజుల్లో, క్యాట్‌బ్యాక్ (సైలెన్సర్‌తో సహా వెనక పొగ గొట్టం మొత్తం) ఆర్డర్ చేశాను. మూడు అంగుళాల 304 స్టెయిన్‌లెస్ పైపు, రెండు వైపులా రెండేసి మూతులు. బ్రాండ్ పేరు రాయడం లేదు. నేను పడ్డ తిప్పలు ఆ ఒక్క బ్రాండ్‌వి కావు, ఈ తరహా పైపులన్నిటివీ.

కొనేముందు నాకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. సుబారు అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ గుడుగుడు శబ్దం సైలెన్సర్ నుంచి రాదు. ఇంజన్ రెండు పక్కల నుంచి టర్బోకి పోయే గొట్టాల పొడవు వేరువేరుగా ఉండటం వల్ల వస్తుంది. ఒక పక్క నుంచి వచ్చే పొగ ముందు, ఇంకో పక్కది వెనక చేరుతుంటే ఆ ఎగుడుదిగుడు లయ పుడుతుంది. పాత డబ్ల్యూఆర్‌ఎక్స్‌లలో, 2021 దాకా వచ్చిన దాని పెద్దన్న ఎస్‌టీఐలో అదే అమరిక. 2015 నుంచి డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి కొత్త ఇంజన్ ఇచ్చి, ఆ గొట్టాలను సమాన పొడవు చేసి, పొగని రెండు దారుల్లో తీసుకునే ట్విన్ స్క్రోల్ టర్బోని ఇంజన్ ముందు భాగంలో కింద పెట్టారు. ఇంజన్‌కి అది మంచిదే. కానీ వెనక ఏ పైపు తగిలించినా ఆ గుడుగుడు మాత్రం రాదు. నాకు వచ్చింది గంభీరమైన, లోతైన గొంతు. బాగుంటుంది, కానీ నేను ఊహించుకున్నది అది కాదు. దాని కోసమే కొనేవాళ్లుంటే ఇక్కడితో ఆగిపోండి, డబ్బు మిగులుతుంది.

క్యాట్‌బ్యాక్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) తర్వాత నుంచి వెనక మూతి దాకా ఉండే భాగం. ఈ కారులో కన్వర్టర్ టర్బోకి ఆనుకుని ఉండే జే పైపులో ఉంటుంది. అసలు పవర్ దాన్ని మారిస్తేనే వస్తుందని స్నేహితులు ఊరించారు. మాట నిజమే, కానీ కన్వర్టర్ తీసేయడం అమెరికా అంతటా క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. పైగా ఇంజన్ ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలు) కూడా మార్చాలి. కాలిఫోర్నియాలో కాపురముంటూ ఆ తలనొప్పి నాకెందుకని వదిలేశాను.

బిగించడం ఒక ఆదివారం పని. స్నేహితుడి గ్యారేజ్‌లో నాలుగు జాక్ స్టాండ్ల మీద కారు ఎత్తి ఇద్దరం కింద దూరాం. పాత పైపుని ముందు భాగానికి కలిపేది రెండు స్ప్రింగు బోల్టులు, మధ్యలో పొగ లీకవకుండా ఆపే, డోనట్ ఆకారంలో ఉండే గాస్కెట్. ఇక్కడ మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్లు లేవు, తుప్పు పట్టలేదు కాబట్టి బోల్టులు తేలిగ్గానే వచ్చాయి. ఏడిపించింది రబ్బరు హ్యాంగర్లు. సబ్బు నీళ్లు రాసి, పెద్ద స్క్రూడ్రైవర్‌తో తిప్పలు పడి, చివరికి సిలికాన్ స్ప్రే తెచ్చాక ఊడాయి. అది ముందే తెచ్చుకుని ఉంటే రెండు గంటలు కలిసొచ్చేవి.

నేను చేసిన తప్పు పాత గాస్కెట్‌నే మళ్లీ వాడటం. చూడ్డానికి బాగానే ఉందనిపించింది. వారం తిరిగేసరికి పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే కింద నుంచి టిక్ టిక్ మని శబ్దం, వేడెక్కాక మాయం. పది పదిహేను డాలర్ల గాస్కెట్ దగ్గర కక్కుర్తి పడ్డందుకు మళ్లీ కారు కిందికి దూరాల్సి వచ్చింది. ఇంకో సంగతి, వేడికి పైపు సాగుతుంది. మూతులు బంపర్‌కి ఆనకుండా వేలు పట్టేంత సందు వదిలి, నాలుగైదు రోజులు నడిపాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి.

ఇక పవర్ సంగతి. మొదటి వారం కారు వేగం పెరిగిందని ప్రమాణం చేసి చెప్పేవాణ్ని. అది చెవి చేసిన మాయ. టర్బో వెనక అడ్డు తగ్గితే టర్బో కాస్త త్వరగా అందుకుంటుందన్నది సిద్ధాంతం, అందులో తప్పు లేదు. కానీ ఎంత బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఇవ్వాలో నిర్ణయించేది ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్. తాను అనుకున్న అంకె రాగానే అది వేస్ట్‌గేట్ తెరిచి మిగతా పొగను పక్కదారి పట్టిస్తుంది. ట్యూన్ మార్చకుండా పైపు ఒక్కటే మారిస్తే చివరికి దక్కేది దాదాపు అదే బూస్ట్, అదే పవర్. మైలేజ్‌లో కూడా తేడా లేదు. బరువు మాత్రం కొంత తగ్గింది, పాతదాన్ని ఇద్దరం మోశాం, కొత్తదాన్ని నేనొక్కణ్నే ఎత్తాను.

అసలు కథ డ్రోన్. ఎగిరే డ్రోన్ కాదు, హైవే మీద కారు లోపల నిండిపోయే మోత. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే శబ్దాన్ని రోజుకి రెండు నిమిషాలు వింటాం. మోతని గంటల తరబడి భరించాలి. కొనేటప్పుడు యూట్యూబ్‌లో చూపించేది మొదటిది, అదీ బయట మైకు పెట్టి. నా కారులో ఆరో గేరులో 65 నుంచి 70 మైళ్ల వేగంలో ఇంజన్ నిమిషానికి 2500, 2800 చుట్ల మధ్య తిరుగుతుంది. కచ్చితంగా అక్కడే ఈ పైపు ఊళ వేసేది. లివర్‌మోర్ గుడికి వెళ్లే అరగంటలో పెద్దగా తెలియలేదు. కోవిడ్ రోజుల్లో ఆఫీసు ప్రయాణమే లేదు కాబట్టి రెండేళ్లు నెట్టుకొచ్చాను.

ఆ 2022 వేసవిలో మామయ్యగారితో లాస్ ఏంజెలెస్ వెళ్లాం. ఐ-5 మీద, 70 మైళ్ల దగ్గర క్రూజ్ కంట్రోల్ పెట్టి, తిన్నటి రోడ్డు మీద గంటలకు గంటలు. పాప నిద్రపోయింది, అది వేరే విషయం, పిల్లలు మిక్సీ మోతలో కూడా నిద్రపోతారు. కెటిల్‌మన్ సిటీ దగ్గర కాఫీకి ఆగినప్పుడు అత్తయ్యగారు తల పట్టుకుని కూర్చున్నారు. మామయ్యగారు ఏమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో చెవుల్లో దూది పెట్టుకున్నారు.

ఆ తర్వాతే మోతకి విరుగుడు వెతకడం మొదలుపెట్టాను. మొదట మధ్య పైపులో ఒక రెజొనేటర్ (చిన్న సైలెన్సర్ లాంటి డబ్బా) వెల్డింగ్ చేయించాను. గేరు మార్చేటప్పుడు వచ్చే రేకు డబ్బా లాంటి గరగర పోయింది, మోత అలాగే ఉంది. రెండోసారి ఒక పెద్దాయన వెల్డింగ్ షాపుకి వెళ్తే, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక చుట్టుకి రెండుసార్లు పెట్రోలు పేలుతుంది. నిమిషానికి 2700 చుట్లంటే సెకనుకి 45, అంటే సెకనుకి 90 పేలుళ్లు. ఆ 90 హెర్ట్జే మన చెవుల్లో మోగేది. ప్రధాన పైపు పక్కన చివర మూసేసిన గొట్టం ఒకటి అతికిస్తే, దాంట్లోకి వెళ్లిన శబ్దం మూతకి తగిలి తిరిగొచ్చి అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది. గొట్టం పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం మామూలు గాలిలో కంటే వేగంగా పోతుంది కాబట్టి అది కూడా లెక్కలోకి తీసుకుని దాదాపు నాలుగడుగులని తేల్చాడు. దాన్ని వంచి కారు కింద ఇరికించడానికి సగం రోజు పట్టింది, 280 డాలర్లు తీసుకున్నాడు. పొగ ఆ గొట్టం గుండా ప్రవహించదు కాబట్టి దారికి అడ్డేమీ ఉండదు.

తిరిగి ఐ-680 ఎక్కి 70కి చేరాక నాకు నవ్వొచ్చింది. మోత పూర్తిగా పోలేదు, కానీ పాటలు మామూలు వాల్యూమ్‌లో వినొచ్చు, పక్క సీటుతో మాట్లాడొచ్చు. చుట్లు 3200 దాటాక గొంతు మళ్లీ పాతదే. మొత్తం ఖర్చులో నాకు నిజంగా గిట్టుబాటైంది ఈ 280.

పొద్దున స్టార్టింగ్ మాత్రం ఇప్పటికీ తలవంపులే. చల్లగా ఉన్నప్పుడు కన్వర్టర్‌ని త్వరగా వేడెక్కించడానికి ఇంజన్ కావాలనే ఎక్కువ తిరుగుతుంది, స్పార్క్ ఆలస్యంగా ఇస్తుంది. దాంతో మొదటి నిమిషం మోత రెట్టింపు. మా టౌన్‌హౌస్‌ల మధ్య సందులో అది గోడలకు తగిలి తిరిగొస్తుంది. పక్కింటివాళ్లకి పసిబిడ్డ పుట్టిన ఏడాది నేను ఏడింటిలోపు బయల్దేరితే మా ఆవిడ కారు తీసుకెళ్లేవాణ్ని.

పోలీసులు ఇప్పటిదాకా ఆపలేదు. కాలిఫోర్నియాలో ఈ సైజు కార్లకి ఎగ్జాస్ట్ శబ్దం 95 డెసిబెల్స్ దాటకూడదు, నా పైపు డబ్బా మీద దానికి లోబడే ఉందని రాశారు. కొలిపించి చూడలేదు. మన దగ్గర బుల్లెట్లకు బిగించిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించే వీడియోలు మా తమ్ముడు నాకు క్రమం తప్పకుండా పంపుతుంటాడు. కారుకి ఎనిమిదేళ్లు దాటడంతో ఈ ఏడాదే మొదటిసారి స్మాగ్ చెక్‌కి, అంటే పొగ కాలుష్య పరీక్షకి, వెళ్లాను. కాస్త టెన్షన్ పడ్డాను. అతను బానెట్ కిందా కారు కిందా చూసి, కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ సాకెట్‌కి కేబుల్ తగిలించి, పది నిమిషాల్లో పాస్ కాగితం చేతికిచ్చాడు. కన్వర్టర్ ముట్టుకోకపోవడం ఆ రోజు పనికొచ్చింది.

పైపు నాణ్యత గురించి ఫిర్యాదు లేదు. వెల్డింగులు చెక్కు చెదరలేదు, తుప్పు లేదు, వేడికి కొన్నిచోట్ల బంగారు రంగు తిరిగింది. ఒక హ్యాంగర్ రబ్బరు చిట్లితే మార్చాను. మూతుల మీద మసి మాత్రం రెండు వారాలకోసారి తుడవాల్సిందే, ఈ ఇంజన్ గట్టిగా తొక్కితే పెట్రోలు కాస్త ఎక్కువే తాగి నల్లగా వదులుతుంది.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. కానీ ఆ నాలుగడుగుల గొట్టం డబ్బు కూడా మొదటి రోజే పక్కన పెట్టుకుంటాను, లేదా నిశ్శబ్దంగా ఉండే రకమే చూస్తాను. ఇంట్లో ఇదొక్కటే కారైతే, దూర ప్రయాణాలు ఎక్కువైతే వద్దంటాను.

పాత సైలెన్సర్ ఇంకా గ్యారేజ్ గోడకి వేలాడుతోంది. ఇద్దరు అడిగారు, అమ్మలేదు. వచ్చే నెల మామయ్యగారు మళ్లీ వస్తున్నారు. ఈసారి ఎయిర్‌పోర్ట్‌కి ఏ కారు తేవాలో మా ఆవిడ ఇప్పటికే చెప్పేసింది.