యుద్ధకాలపు కార్డులకు ఫ్రేము కట్టే బరంపురం దుకాణం

తాతలు యుద్ధరంగం నుంచి పంపిన పోస్టుకార్డులకు ఇక్కడ ఫ్రేము బాగానే కడతారు. లామినేషన్, ఫెవికాల్ వద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పాలి. మూలలకు కాగితపు జేబులు పెట్టి, అద్దానికీ కార్డుకీ మధ్య 3 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. లేకపోతే మన సముద్రపు గాలికి చెమ్మెక్కి కార్డు అద్దానికి అతుక్కుంటుంది. కార్డు వెనక సైన్యం తనిఖీ చేసి కొట్టిన సెన్సార్ ముద్ర, ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యపు తపాలా కార్యాలయం) నంబరు కనబడాలంటే వెనకా అద్దమే వేయించండి. కాపీయింగ్ పెన్సిల్ (తడి తగిలితే సిరాలా మారే పెన్సిల్) రాతను తడిగుడ్డతో తుడవనివ్వొద్దు, ఊదారంగు పాకిపోతుంది. 1914-18 నాటి ఫ్రెంచి పట్టు ఎంబ్రాయిడరీ కార్డులు కొన్నింటికి చిన్న మడత జేబు ఉంటుంది. లోపల చీటీ ఉందేమో వీళ్లు చూడరు, బిగించేస్తారు! కార్డును అమర్చే మౌంటు అట్ట మామూలుదే, కొన్నేళ్లకు దాని ఆమ్లం కార్డుకెక్కి అంచులు పసుపెక్కుతాయి. ఆమ్లం లేని అట్ట మనం తెచ్చిస్తే కాదనరు, కూలీ తగ్గించరు.