ఒంటెల కోసమైతే సామ్ వద్దు, బికనేర్ వెళ్లండి

సంక్రాంతి సెలవుల్లో హనుమకొండ నుంచి అత్తమ్మతో కలిపి మేం నలుగురం రాజస్థాన్ వెళ్లొచ్చాం. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి జైసల్మేర్. కోట బాగుంది, దాల్ బాటీ ఇంకా బాగుంది.

నా కోపమంతా జైసల్మేర్ దగ్గరి సామ్ ఇసుక తిన్నెల క్యాంపు మీదే. గుడారానికి 3,800 రూపాయలు, పొద్దుగూకే దాకా ఒంటె సవారీ అందులోనే అని ఫోన్‌లో చెప్పారు. తీరా వెళ్తే రోడ్డు పక్కన ఎక్కించి, తిన్నె అంచున పది నిమిషాల్లో దింపేశారు. ముందుకు పోవాలంటే మనిషికి ఇంకో 600 కట్టాలట! మా ఆవిడ రాత్రి దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె బాధ డబ్బుల గురించి కాదు. ఆ ఒంటె ముక్కుకు గుచ్చిన పుల్ల చుట్టూ పుండు పడి ఈగలు ముసురుతున్నాయి. తోలే కుర్రాడిని అడిగితే, ఓనర్‌కు చెప్పినా వినడం లేదన్నాడు. వాడినేం అంటాం? అర్ధరాత్రి దాకా డీజే మోత, రెండు రజాయిలకూ ఆగని చలి. మేనేజర్‌ను నిలదీస్తే "సీజన్ సార్" అంటాడే తప్ప ఇంకో మాట లేదు.

బికనేర్ చేరాక గానీ మనసు కుదుటపడలేదు. ఊరి బయట జోర్‌బీర్‌లో కేంద్ర ప్రభుత్వ ఒంటె పరిశోధన కేంద్రం 1984 నుంచి ఉంది. గైడ్‌ను తప్పకుండా పెట్టుకోండి. బికనేరీ, జైసల్మేరీ, కచ్ఛీ జాతులను పక్కపక్కనే చూపించి తేడాలు చెప్పాడు. ఒంటె అడుగేస్తే పాదం కింది మెత్త వెడల్పుగా పరుచుకుంటుంది, అందుకే ఇసుకలో దిగబడదు. మోకాళ్లకు, ఛాతీ కింద కాయలు కాచి ఉంటాయి, కాలే ఇసుక మీద కూర్చోవాలి కదా. మూపురంలో నీళ్లుంటాయని మా వాడు గట్టిగా వాదించాడు. ఉండేది కొవ్వు.

రెండు మూపురాలవి చూడాలంటే లడఖ్‌లోని నుబ్రా లోయకు పోవాలట. ఆ రకంలో నిజమైన అడవి ఒంటెలు గోబీ వైపు, మంగోలియా, చైనాల్లోనే మిగిలాయి. ఆస్ట్రేలియాలో తిరిగేవి ఒకప్పుడు బరువులు మోయడానికి తెచ్చి, లారీలు వచ్చాక వదిలేసిన వాటి సంతతి. మన దగ్గరా ట్రాక్టర్లు వచ్చాయి, మేత భూములు తగ్గాయి. 2012లో దేశంలో 4 లక్షలున్న ఒంటెలు 2019 లెక్కకు రెండున్నర లక్షలయ్యాయి. ఆ మాట విన్నాక సామ్‌లో చూసిన పుండు నాకు మరింత బాధనిపించింది.

ఆ కేంద్రంలోని పాల పార్లర్‌లో ఒంటె పాలు దొరుకుతాయి, కాస్త ఉప్పగా ఉంటాయి. మొదట వద్దన్న అత్తమ్మ రెండో గ్లాసు అడిగింది. జైసల్మేర్ నుంచి బికనేర్ 330 కిలోమీటర్లు, తిరిగి ఢిల్లీకి రైళ్లూ ఉన్నాయి. సామ్‌లో రాత్రి బస మానేసి ఆ పూట ఇక్కడ పెట్టుకోండి.